జీ స్కేల్ మనుషుల బొమ్మలు కొంటున్నారా? పేజీలో రాసిన స్కేల్‌ని నమ్మకండి

జీ స్కేల్ అనే పెద్ద సైజు మోడల్ రైళ్లు పెట్టుకున్నవాళ్లు, అంటే పట్టాల మధ్య 45 మిల్లీమీటర్లుండే ట్రాక్ మీద ఎల్‌జీబీ అనే జర్మన్ బ్రాండ్ రైళ్ల లాంటివి నడిపేవాళ్లు, ప్లాట్‌ఫాం మీద నిలబెట్టడానికి మనుషుల బొమ్మల కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతుంటే డబ్బు కట్టే ముందు ఇది చదవండి. "జీ స్కేల్, 1:22.5, చేత్తో రంగులు వేసినవి, ముప్ఫై రకాల భంగిమలు" అని రాసి ఉన్న ప్యాక్ ఒకటి పదహారు వందలు పెట్టి తీసుకున్నాను. వచ్చినవి 1:22.5 (అంటే అసలు మనిషిలో 22.5వ వంతు సైజు) కాదు, రంగులు వేసిన తీరుకి చేతిపని అనే మాటే దండగ, ముప్ఫై రకాలు అసలే లేవు. సెల్లర్ పేరు రాయడం లేదు. ఎందుకంటే అదే సరుకు, అదే ఫోటో నాలుగైదు షాపుల పేర్ల మీద కనిపిస్తోంది, ఒక పేరు చెప్తే మిగతావాళ్లు మంచోళ్లేమో అనుకుంటారు.

గుడ్డిగా కొన్నది కూడా కాదు. పేజీలో ఎత్తు ఎక్కడా రాయలేదు కాబట్టి ముందే చాట్‌లో అడిగాను, నిలబడి ఉన్న మగమనిషి బొమ్మ పాదం నుంచి తల దాకా ఎన్ని మిల్లీమీటర్లు అని. "75 ఎంఎం సర్, జెన్యూన్ జీ స్కేల్ సర్" అని వెంటనే జవాబు. పార్సిల్ విప్పి స్కేలు పెట్టి చూస్తే 55. ఆడవాళ్ల బొమ్మలు ఇంకో రెండు మూడు తక్కువ. ఇరవై మిల్లీమీటర్లేగా అనిపించొచ్చు, లెక్క వేసి చూడండి. 55ని 22.5తో గుణిస్తే 1237 మిల్లీమీటర్లు, అంటే నాలుగడుగుల చిల్లర. ఏడేళ్ల పిల్లాడి ఎత్తు. మీసాలు, టోపీ, చేతిలో పచ్చజెండా ఉన్న ఏడేళ్ల గార్డు! అతను బోగీ కిటికీలోంచి లోపలికి చూడాలంటే స్టూలు వేయాలి. విడిగా చూస్తే బొమ్మ బానే ఉంటుంది, రైలు పక్కన పెట్టగానే వేలకు వేలు పోసి కొన్న ఇంజన్ కూడా ఏదో వింత సైజులో ఉన్నట్టు కనిపిస్తుంది. మనుషుల బొమ్మలతో ఉన్న చిక్కే ఇది. చెట్టు ఎత్తు తప్పినా ఎవరూ గమనించరు గానీ మనిషి ఎత్తు తప్పితే చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు.

ఈ మోసం ఇంత సులువుగా ఎందుకు సాగుతోందంటే మన ట్రాక్ ఒకటే, దాని మీద నడిచే స్కేళ్లు మాత్రం నాలుగైదు. 1968లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో లేమన్ కంపెనీ ఎల్‌జీబీ మొదలుపెట్టినప్పుడు మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరు దూరం ఉండే) రైళ్లను 1:22.5కి తగ్గించి 45 మిల్లీమీటర్ల పట్టాల మీద పెట్టింది. తర్వాత అవే పట్టాల మీద అమెరికా వాళ్ల స్టాండర్డ్ గేజ్ (మీటర్ గేజ్ కన్నా వెడల్పు పట్టాల) రైళ్లు 1:29లో వచ్చాయి, మూడడుగుల నారో గేజ్ రైళ్లు 1:20.3లో వచ్చాయి, లెక్క ప్రకారం స్టాండర్డ్ గేజ్‌కి సరిగ్గా సరిపోయే 1:32 అయితే గేజ్ వన్ అనే పేరుతో వీటన్నిటికన్నా ముందు నుంచే ఉంది. అన్నిటినీ కలిపి అమ్మేవాళ్లు జీ స్కేల్ అనేస్తారు. 165 సెంటీమీటర్ల మనిషిని తీసుకుంటే 1:20.3లో 81 మిల్లీమీటర్లు, 1:22.5లో 73, 1:24లో 69, 1:29లో 57, 1:32లో 52. ఇన్ని ఎత్తుల మనుషులు ఒకే మాట కింద అమ్ముడవుతుంటే ఏది పంపినా "ఇది కూడా జీ స్కేలే సర్" అనడానికి సెల్లర్‌కి దారి ఉంటుంది. నాకూ అదే అన్నాడు, కాకపోతే నా ఆర్డర్ పేజీలో 1:22.5 అని అంకెల్లో ఉంది కాబట్టి తర్వాత నోరు మూసుకున్నాడు.

మన మీటర్ గేజ్‌ని మోడల్ చేసేవాళ్లు, కాచిగూడ వైపో గుంటూరు–గుంతకల్ లైనో బ్రాడ్ గేజ్ కాకముందు ఎలా ఉండేదో అలా కట్టుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మనకి ఈ ట్రాక్ మీద 1:22.5 ఒక్కటే లెక్కకు కుదిరేది, మరీ చిన్న బొమ్మ పెడితే సర్దుకోవడానికి వేరే రైలు ఉండదు. అలాగని మిల్లీమీటర్ తేడాకు కొట్టుకోనక్కర్లేదు. మనుషులంతా ఒకే ఎత్తు ఉండరు కదా. ఐదడుగుల ఆవిడ 1:22.5లో 68 మిల్లీమీటర్లు ఉంటుంది, కాబట్టి 1:24 బొమ్మలు మన ప్లాట్‌ఫాం మీద పొట్టివాళ్లుగా హాయిగా కలిసిపోతాయి. 65 నుంచి 78 దాకా ఏ ఎత్తయినా కళ్లు ఒప్పుకుంటాయని నా అభిప్రాయం. 55 మాత్రం ఏ వరసలోకీ రాదు.

అసలు ఈ 55 మిల్లీమీటర్ల సరుకు ఎక్కడిదంటే ఆర్కిటెక్చర్ మోడళ్లది. అపార్ట్‌మెంట్ల నమూనాలు అట్టతో, యాక్రిలిక్‌తో చేస్తారు చూడండి, వాటిలో పెట్టే మనుషులన్నమాట. 1:25, 1:30, 1:50, 1:75, 1:100 అంటూ చాలా సైజుల్లో సంచుల లెక్కన దొరుకుతాయి. అక్కడ మూడడుగుల దూరం నుంచి చూస్తారు కాబట్టి ముఖం ఎలా ఉన్నా నడిచిపోతుంది. వాటిలో 1:30 బొమ్మలను తీసి రైల్వే పేరు తగిలించి రెండింతల ధరకు అమ్ముతున్నారు. నా ప్యాక్‌లో భంగిమలు లెక్కపెడితే తొమ్మిదే ఉన్నాయి, చొక్కా రంగు మార్చి ముప్ఫై చేశారు. ఒకే మనిషి ఒకే చేయి ఎత్తి నీలం చొక్కాలో ఒకసారి, ఎర్ర చొక్కాలో ఒకసారి, పసుపు చొక్కాలో ఇంకోసారి. కళ్లు లేవు, కనుబొమల దగ్గర ఒక గోధుమరంగు మరక. అచ్చు అతుకు గీత తల మీదుగా చెవి పక్క నుంచి భుజం దాకా దిగి ఉంది. కింద దిమ్మ లేదు, పాదాలు గుండ్రంగా ఉన్నాయి, ఫ్యాన్ వేస్తే ప్లాట్‌ఫాం మొత్తం పడుకుంటోంది.

కూర్చున్న బొమ్మల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే చాలామంది బోగీల్లో పెట్టడానికే ఇవి కొంటారు. వీటి మోకాళ్లు సోఫాలో కూర్చున్నట్టు ముందుకు చాపి ఉన్నాయి, రైలు సీటు మీద పెడితే ఎదురు సీటుకి తన్నుకుంటాయి. నిజానికి మంచి కంపెనీ బొమ్మల్ని కూడా కొన్ని బోగీల్లో కూర్చోబెట్టాలంటే కాళ్లు కోయాల్సి వస్తుంది, అందులో వింతేం లేదు, కిటికీలోంచి నడుము పైభాగమే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. కానీ ఇవి కోసినా తల కిటికీ అంచు దాకా రావడం లేదు. కింద చెక్కముక్క పెట్టి ఎత్తితే కనిపిస్తాయి గానీ తల సైజు చిన్నది కదా, బోగీ నిండా పిల్లలు స్కూల్ ఎక్స్‌కర్షన్‌కి వెళ్తున్నట్టుంటుంది.

రివ్యూలు చూసి కొంటామంటారా, అక్కడే అసలు గారడీ ఉంది. ఆ పేజీలో 4.3 స్టార్లు ఉన్నాయి. ఒక్కొక్కటీ తెరిచి చదవండి, కింద చిన్న అక్షరాల్లో ఏ సైజు కొన్నారో ఉంటుంది. అన్ని సైజులకూ రివ్యూలు ఒకే కుప్పలో పడతాయి కాబట్టి కాలేజీ ప్రాజెక్టు కోసం 1:100 కొన్న ఆర్కిటెక్చర్ విద్యార్థులు "చాలా బాగున్నాయి" అని ఇచ్చిన స్టార్లు మన సైజు పేరు పక్కన మెరుస్తుంటాయి. మన సైజు కొన్నవాళ్ల మాటలు విడిగా ఏరితే దాదాపు అన్నీ ఒకే ఫిర్యాదు: చిన్నవి, చిన్నవి, చిన్నవి.

ఫోటో ఇంకో ఎత్తు. పేజీలో మొదటి ఫోటోని ఇమేజ్ సెర్చ్‌లో వేసి చూడండి. నాది వేస్తే ఒక పేరున్న జర్మన్ కంపెనీ సెట్టు బయటపడింది, వీళ్ల సరుకుకూ దానికీ సంబంధమే లేదు. రెండో ఫోటోలో బొమ్మలు కెమెరా ముందు, ఇంజన్ వెనకాల దూరంగా ఉంటుంది, అలా తీస్తే చీమైనా ఏనుగంత కనిపిస్తుంది. స్కేలు పక్కన పెట్టి తీసిన ఫోటో ఒక్కటి కూడా లేదు. అడిగితే పంపుతామన్నారు, పంపలేదు. పంపకపోతే కొనకండి, అంతే. నోటితో 75 అని చెప్పడానికి ఖర్చేం కాదు, స్కేలు పక్కన బొమ్మని నిలబెట్టి ఫోటో తీయడానికి మాత్రం ఆ ఎత్తు బొమ్మ ఉండాలి.

"జర్మనీ నుంచి తెప్పించాం" అన్న మాట కూడా పరీక్షించండి. మన దేశంలో బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది, దాని మీద జీఎస్‌టీ వేరే. ఈ లెక్కన నిజమైన జర్మన్ బొమ్మలు తెప్పించి, సుంకం కట్టి, ముప్ఫై బొమ్మలు పదహారు వందలకు ఎవడూ ఇవ్వలేడు. ఆన్‌లైన్ అమ్మకాల్లో ఏ దేశంలో తయారైందో పేజీలో చూపించి తీరాలి. నేను కొన్న పేజీలో పైన జర్మనీ అని గొప్పగా ఉంది, కింద వివరాల పట్టికలో వేరే దేశం పేరుంది.

ఇక రిటర్న్. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీశాను, స్కేలు పెట్టి కొలవడం కూడా అందులోనే ఉంది, అది లేకపోతే నా పని అయిపోయేది. రిటర్న్ పెట్టేటప్పుడు కారణాల జాబితాలో "నచ్చలేదు" నొక్కకండి, కొరియర్ ఖర్చు మీ నెత్తిన పడుతుంది. "వివరణకు తగ్గట్టు లేదు" అన్నదే నొక్కండి. సెల్లర్ మొదట "స్కేల్ అప్రాక్సిమేట్ సర్" అన్నాడు, తర్వాత మూడు వందలు తిరిగి ఇస్తాను, ఐదు స్టార్లు పెట్టండి అన్నాడు. ఒప్పుకోకపోయేసరికి రాత్రికి రాత్రి పేజీలో 1:22.5 పోయి "1:22 నుంచి 1:32 వరకు" అని వచ్చింది. ఆర్డర్ పెట్టినప్పుడే స్క్రీన్‌షాట్ తీసి ఉంచాను కాబట్టి సరిపోయింది. మీరూ పేజీ మొత్తం, చాట్ మొత్తం స్క్రీన్‌షాట్ తీసుకోండి, తేదీ కనిపించేలా.

2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకుని వెనక్కి తీసుకోనని సెల్లర్ అనకూడదు. అమ్మకపు వేదికకు ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. నేను ఈ మాటలే మెయిల్‌లో రాసి, అటు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా ఫిర్యాదు నమోదు చేశాను. ఆ ఫిర్యాదు నంబర్ మెయిల్‌లో పెట్టాక వాళ్ల స్వరం మారింది. బొమ్మల డబ్బు వచ్చింది, డెలివరీ చార్జీ మాత్రం రాలేదు.

మరి ఎక్కడ కొనాలి అని అడుగుతారు కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. డబ్బుకి వెనకాడకపోతే ప్రైజర్ వాళ్లవి కళ్లు మూసుకుని కొనొచ్చు. 1949 నుంచి ఇదే పని చేస్తున్న జర్మన్ కంపెనీ, వాళ్ల 1:22.5 బొమ్మల కేటలాగ్ నంబర్లు సాధారణంగా 45తో మొదలవుతాయి, ఆ నంబర్ పెట్టి వెతికితే సరైన పెట్టె దొరుకుతుంది. ధర మాత్రం వాత పెడుతుంది, పైగా అందరూ కోట్లూ హ్యాట్లూ వేసుకున్న యూరప్ జనమే. సన్నటి టిష్యూ కాగితాన్ని జిగురులో తడిపి చుడితే చీర కొంగు వస్తుంది, ఎం-సీల్‌తో తలపాగా చుట్టొచ్చు, కాస్త ఓపిక ఉండాలి.

మన మనుషులే కావాలంటే త్రీడీ ప్రింటింగ్ మేలు. రెజిన్‌లో ప్రింట్ చేసేవాళ్లు ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉన్నారు. ఫైల్ 1:24లో ఉంటే 106.7 శాతానికి, 1:32లో ఉంటే 142 శాతానికి పెంచమనండి, పూర్తయ్యాక ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లు ఉండాలో బిల్లు మీద రాయించుకోండి. మేడ మీద ఎండలో పెట్టేటట్టయితే మామూలు రెజిన్ పెళుసెక్కి విరుగుతుంది, ప్రైమర్, రంగు, పైన మ్యాట్ వార్నిష్ వేయకుండా బయట పెట్టకండి. కొండపల్లి బొమ్మల్లో కూడా కొన్ని ఈ ఎత్తులో దొరుకుతాయి. జేబులో స్కేలు పెట్టుకుని వెళ్లి ఏరుకోవాలి. తలలు కొంచెం పెద్దవి కాబట్టి బోగీ పక్కన కాకుండా వెనకాల ఊరి వీధిలో పెడితే బాగుంటాయి, వానకి మాత్రం వదలకండి, పొణికి కర్ర తట్టుకోదు.

మళ్లీ ఆ సెల్లర్ సంగతి. పేరు మార్చుకుని ఇప్పుడు "గార్డెన్ రైల్వే ప్యాసింజర్స్" అని పెట్టాడు, ధర పంతొమ్మిది వందలు చేశాడు. ఫోటో మార్చలేదు. ఎడమవైపు పచ్చజెండా గార్డు, మధ్యలో రెండు తెల్ల సూట్‌కేసులతో గళ్ల కోటు ఆవిడ, కుడివైపు గొడుగు పట్టుకున్న ముసలాయన. ఈ ముగ్గురూ కనిపిస్తే పేజీ మూసేయండి.