అమెరికాలోని మిన్నెసోటాలో ఒక గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే) దుకాణం: రైఫిల్ మిస్‌ఫైర్ మరమ్మతుపై సమీక్ష

నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న .308 కాలిబర్ బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకూ బోల్ట్ అనే వెనుక భాగాన్ని చేత్తో వెనక్కి లాగి ముందుకు తోయాల్సిన రకం) వేసవిలో రేంజిలో చక్కగా పేలేది గానీ, నవంబరులో జింకల వేటకు వెళ్లేసరికి గడ్డకట్టే చలిలో ట్రిగ్గర్ నొక్కినా కొన్నిసార్లు టక్కుమనే చప్పుడు తప్ప తూటా పేలేది కాదు.

దుకాణం యజమాని ముందుగా ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని చూసుకుని, తర్వాత పేలని తూటాలు తెచ్చారా అని అడిగారు. ఈ ప్రశ్నతోనే ఆయన మీద నాకు గురి కుదిరింది. పేలని తూటాను, అదే పెట్టెలోంచి పేలిన ఖాళీ షెల్‌ను పక్కపక్కన పెట్టి భూతద్దంలో చూపించారు: రెండింటిలోనూ గుంట ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే భాగం) మధ్యలోనే పడింది, కానీ పేలనిదానిలో బాగా లోతు తక్కువగా ఉంది. అంటే ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ సరైన చోటే తగులుతోంది, దెబ్బలోనే బలం చాలడం లేదు.

బోల్ట్ విప్పితే కారణం కళ్లకు కట్టింది. పాత గ్రీజు, పిన్‌ను ముందుకు తోసే స్ప్రింగ్ చుట్ల మధ్య మైనంలా పేరుకుపోయి ఉంది. చలికి అది ఇంకా గట్టిపడి పిన్ వేగాన్ని తగ్గిస్తోంది. దాన్ని సాల్వెంట్‌తో కడిగి, ఆరబెట్టి, దాదాపు పొడిగానే బిగించారు. ఛాంబర్‌లో తూటా ముందుకు జారేంత ఖాళీ ఉన్నా దెబ్బ ఇలాగే బలహీనపడుతుంది కాబట్టి గో, నో-గో గేజ్‌లు అనే కొలత సాధనాలతో హెడ్‌స్పేస్ (ఆ ఖాళీ) కూడా చూశారు. అది సరిగ్గానే ఉంది. స్ప్రింగ్ బలంగా ఉందని తేల్చి, దాన్ని మార్చకుండా వదిలేయడం నాకు అన్నిటికన్నా నచ్చింది. బోల్ట్‌ను ఒక రాత్రి డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, మర్నాడు ప్రైమర్ మాత్రమే ఉన్న ఖాళీ షెల్ మీద పరీక్షించాకే రైఫిల్ అప్పగించారు.

తూటా ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంటుంది కాబట్టి, మిస్‌ఫైర్ అయినప్పుడు గొట్టాన్ని క్షేమకరమైన దిశలోనే కనీసం 30 సెకన్లు ఉంచి, ఆ తర్వాతే బోల్ట్ తెరవాలని కూడా గట్టిగా చెప్పారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం తర్వాత మన దేశంలో వేట దాదాపుగా ఆగిపోయింది. అందువల్ల ఇక్కడికి వచ్చాక వేట నేర్చుకున్న మనవాళ్లకు ఇలాంటివి ఇంట్లో చెప్పే పెద్దలు ఉండరు. అందుకే ఓపికగా విడమరచి చెప్పే ఈ దుకాణాన్ని వారికి ప్రత్యేకంగా సిఫారసు చేస్తున్నాను.

లోపం లేకపోలేదు. సీజనులో ఫోన్ ఎత్తరు, రసీదు మీద "బోల్ట్ శుభ్రం" అని తప్ప ఏమీ రాయరు. చూసిన కొలతలన్నీ దాని మీద రాసి ఇమ్మని అడిగి తీసుకోండి.