అద్దం మీది మెరుపు తీయడానికి ఏది మేలు?

చిక్కడపల్లిలో మా ఇంటి హాల్లో తాతయ్య ఫోటో ఉంది. ఏళ్ల తరబడి తేమకు అది అద్దానికి అతుక్కుపోయింది. లాగితే ముఖం మీది పొర ఊడివస్తుంది. అందుకే అద్దంతోపాటే ఫోనుతో తీశాను. కిటికీ వెలుగు పడి, ఎడమ కన్ను ఉండవలసిన చోట తెల్లని మచ్చ వచ్చింది.

ఫోటోలు సవరించే జింప్ సాఫ్ట్‌వేర్ ఉచితం కాబట్టి అందులో తెరిచి మచ్చ నడుమ రంగు విలువలు చూశాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 255, అంటే గరిష్ఠ విలువ. వెలుగు హద్దు దాటడంతో కెమెరా అక్కడ వివరాలేవీ నమోదు చేయలేదు. అంచుల్లో 230 దగ్గర ఉంది, కనుబొమ్మ వెంట్రుకలు లీలగా కనిపిస్తున్నాయి. హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) తగ్గిస్తే ఆ అంచు తేరుకుంది. నడుమ మాత్రం తెలుపు బూడిదరంగుగా మారిందే తప్ప కన్ను రాలేదు.

తర్వాత క్లోన్ స్టాంపు, అంటే ఫోటోలో ఒక చోటి భాగాన్ని మరో చోట అచ్చువేసే పనిముట్టు. కుడి కన్నును తిప్పి అతికించాను. అతుకు ఎక్కడా కనిపించలేదు. అమ్మ చూడగానే, "నాన్న ఎడమ రెప్ప కాస్త వాలి ఉండేదిరా, ఇది ఆయన కన్ను కాదు" అంది. ఏఐతో నింపినా ఇదే చిక్కు: లేని కన్నును అది ఊహించి గీస్తుంది. గోడకూ చొక్కాకూ సరే, మనవాళ్ల ముఖానికి నేను ఒప్పుకోను.

పోలరైజర్ ఫిల్టరు? గాజుకు ఎదురుగా నిలబడి తీస్తే అది దాదాపు పనిచేయదు. గాజు లంబానికి సుమారు 56 డిగ్రీల వాలు నుంచి తీసినప్పుడే మెరుపును బాగా ఆపుతుంది. అంత పక్కనుంచి తీస్తే ముఖం వంకరపోతుంది.

నాకు నమ్మకమైన దారి రెండు ఫోటోలు. ఫోనును స్టాండుకు బిగించి, ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు మోతాదు) మారకుండా లాక్ చేసి, మొదటిది ఎడమ కిటికీ తెరిచి, రెండోది దాన్ని మూసి కుడి కిటికీ తెరిచి తీశాను. మెరుపు చోటు మారింది. రెంటినీ లేయర్లుగా పేర్చి, పైదాన్ని 'డార్కెన్ ఓన్లీ'లో పెడితే ప్రతి చుక్కలోనూ ముదురుగా ఉన్నదే నిలుస్తుంది. మెరుపు వెలుగును కలుపుతుందే తప్ప తీయదు కాబట్టి, ముదురుగా ఉన్నదే అసలు ఫోటోకు దగ్గర. ఫోను కదిలితే మాత్రం అంచులు జంటగా కనిపిస్తాయి, ముందే సరిచేసుకోవాలి.

వాలిన రెప్పతో సహా కన్ను వచ్చింది. ఫ్రేము పక్కన గోడ మీద మిగిలిన సన్నని గీతను క్లోన్ స్టాంపుతో తీసేశాను.