నా కీతో తీస్తే నా సీటు: నాలుగేళ్లు వాడాక

మా ఆయన ఆరడుగుల మనిషి. నేను అయిదడుగుల ఒక్క అంగుళం. పైగా నాకు నడుములో డిస్క్ సమస్య ఉంది. మా కారు మైలేజీ, డిక్కీ, స్క్రీన్ గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి ఆ జోలికి పోను. నాలుగేళ్లుగా ఈ కారులో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఒక్కటే. నా కీతో డోర్ తీస్తే సీటు నా కొలతకు వస్తుంది, ఆయన కీతో తీస్తే ఆయన కొలతకు వెళ్తుంది.

పాత కారులో ఆయన నడిపిన మర్నాడు నేను ఎక్కానంటే ఒక యుద్ధమే. లివర్ లాగి ముందుకు జరుపుకోవాలి, వీపు ఎంత వాల్చుకున్నానో గుర్తుండదు, ఏదో సర్దుకుని వెళ్తే సాయంత్రానికి నడుం పట్టేసేది. ఈ కారు వచ్చాక ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు, బ్రేక్ పూర్తిగా నొక్కినా మోకాలు కాస్త వంగి ఉండేలా, నడుం వెనక ఖాళీ లేకుండా సర్దుకోవడానికి వారం పట్టింది. కుదిరాక డోర్ మీది సెట్ బటన్, తర్వాత 2 (1 ఆయన కొలతది), వెంటనే నా కీలో లాక్ బటన్ నొక్కాను. అంతే. మర్నాడు పొద్దున డోర్ తీయగానే సన్నగా మోటారు చప్పుడు, సీటు మెల్లగా ముందుకు జరిగి ఆగింది, పక్క అద్దాలు కిందికి వంగాయి. కూర్చుంటే నడుం కింద సరిగ్గా అదే ఒత్తు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మొదటి ఆరు నెలలు కనిపించిన ప్రతివాళ్లకూ దీని గురించే చెప్పాను. ఇప్పుడు చెప్తే ఇంకో సంగతి కూడా కలిపి చెప్తాను.

ఒక రాత్రి ఆస్పత్రిలో చుట్టాల్ని చూసి ఇద్దరం బయటికొచ్చాం. ఆయన బాగా అలిసిపోయి "నువ్వు నడుపు" అన్నారు. నా కీ హ్యాండ్‌బ్యాగ్‌లో, ఆయన కీ జేబులో. ఆయన నా వెనకే నిలబడి సంచీ వెనక సీట్లో పెడుతున్నారు. కీ దగ్గర్లో ఉంటే చాలు, హ్యాండిల్ ముట్టుకోగానే లాక్ తెరుచుకుంటుంది. నేను హ్యాండిల్ ముట్టుకుని, డోర్ తీసి కూర్చున్నాను. కూర్చోగానే సీటు వెనక్కి జరగడం మొదలైంది, వీపు భాగం కూడా వాలిపోతోంది. పట్టు కోసం స్టీరింగ్ పట్టుకుని ఒళ్లు తిప్పాను, నడుములో కలుక్కుమంది. "సీటు బటన్ ఏదో ఒకటి నొక్కు!" అని ఆయన అరిచారు. నొక్కితే ఆగింది. రెండు రోజులు మంచం దిగలేదు.

తర్వాత తెలిసింది ఇది. హ్యాండిల్ ముట్టుకోగానే కారు ఒక తక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌తో, చాలా కార్లలో 125 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల, దగ్గర్లో ఉన్న కీని పిలుస్తుంది. ఆ పిలుపు మహా అయితే మీటరు, మీటరున్నర పోతుంది. విన్న కీ తన నంబరు చెప్తుంది. ఆ రాత్రి రెండు కీలూ ఆ దూరంలోనే ఉన్నాయి, కారు ఆయన కీని లెక్కలోకి తీసుకుంది. కూర్చోబోయేది ఎవరో దానికి తెలిసే దారి లేదు. అప్పట్నుంచి ఇద్దరం కలిసి వెళ్తే హ్యాండిల్ ముట్టుకోను. నాలుగడుగుల దూరంలోనే కీ బయటికి తీసి అన్‌లాక్ నొక్కి, సీటు కదలడం ఆగాకే ఎక్కుతాను. రెండు కీలూ ఒకేలా ఉంటాయని నాదానికి ఎర్రదారం కట్టుకున్నాను.

ఇంకొకటి. కొలత కీలోనే ఉంటుందని నేను చాలాకాలం అనుకున్నాను. మూడో ఏట 12 వోల్టుల బ్యాటరీ మార్పించాక కీ అదే, సీటు మాత్రం కదల్లేదు. కీ చెప్పేది నంబరు వరకే, కొలత దాచుకునేది కారు. కొన్ని కార్లలో బ్యాటరీ తీసినా అది పోదట, మాదాంట్లో పోయింది. మళ్లీ కుదుర్చుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఈసారి టేపుతో కొలిచి, బ్రేక్ పెడల్ నుంచి సీటు ముందంచు దాకా 38 సెంటీమీటర్లు అని కాగితం మీద రాసి గ్లవ్‌బాక్స్‌లో పెట్టాను.

తర్వాత కారు కొన్నా నాకు ఇది ఉండాల్సిందే. కానీ అది మా ఇంట్లో ఇద్దరి పొడవుల మధ్య ఇంత తేడా ఉండటం వల్ల, నా నడుం వల్ల. ఒక్కరే నడిపే కారైతే దీనికోసం పైమోడల్‌కి వెళ్లమని నేను చెప్పలేను. మా ఆయనకైతే డోర్ మీది 1 బటన్ నొక్కుకోవడమే ఇష్టం, తన కీకి ఉన్న లింకు తీయించేయమంటున్నారు. అలా చేస్తే ఆ రాత్రిలాంటిది మళ్లీ జరగదు. కానీ ఆయన మర్చిపోయి నా కొలతలో ఉన్న సీట్లో కూర్చోబోతే మోకాళ్లు స్టీరింగ్‌కి తగులుతాయి. ఇంకా ఏదీ తేల్చుకోలేదు.