కూకట్‌పల్లి జిమ్: పొద్దుటి బ్యాచ్ వేరు, సాయంత్రం బ్యాచ్ వేరు

మెషిన్లు బాగున్నాయి, ఏసీ పనిచేస్తుంది. ఏ బ్యాచ్‌లో చేరతారన్నదే ఇక్కడ అసలు విషయం.

పొద్దుటి ట్రైనర్, స్క్వాట్‌లో (బరువుతో కూర్చుని లేచే వ్యాయామం) మోకాళ్లు లోపలికి వాలితే బరువు 10 కిలోలు తగ్గించి, 'మోకాళ్లు కాలి చిటికెన వేళ్ల వైపు ఉంచండి' అని ఒక్క మాటే చెబుతాడు. ఒకేసారి నాలుగు తప్పులు ఎత్తిచూపడు. 'గాబ్లెట్ స్క్వాట్ చేస్తారా, లెగ్ ప్రెస్సా?' అని (బరువు ఛాతీ దగ్గర పట్టుకుని చేసే స్క్వాటా, మెషిన్ మీద కాళ్లతో బరువు నెట్టడమా అని) అడుగుతాడు, దేనివల్ల ఏం లాభమో కూడా చెబుతాడు. మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్‌లు చెప్పిన మూడు మానసిక అవసరాల్లో స్వేచ్ఛ, సామర్థ్యం ఇక్కడే తీరతాయి. మూడోది అనుబంధం. పేరు పెట్టి పిలుస్తాడు, పాత మోకాలి నొప్పి గుర్తుపెట్టుకుంటాడు.

సాయంత్రం ట్రైనర్‌కి పని వచ్చు, నోరే సమస్య. 'ఏంటి ఆంటీ, 5 కిలోలేనా?' అని అందరి ముందూ అంటాడు. సిగ్గుతో బరువు పెంచితే డెడ్‌లిఫ్ట్‌లో (నేల మీది బరువు ఎత్తేటప్పుడు) నడుము వంగిపోతుంది, ఆపైన మనిషే రావడం మానేస్తారు. పర్సనల్ ట్రైనింగ్ కొననివాళ్లని పలకరించడు కూడా.

చేరేముందు ట్రయల్ అడగండి. 'ఈ ఎక్సర్‌సైజ్ వద్దు, ఇంకోటి చెప్పండి' అని ట్రైనర్‌తో అని చూడండి. ఎందుకని అడిగితే సరే. 'చెప్పింది చెయ్యండి' అంటే ఏడాది ఫీజు కట్టకండి, నెలకే కట్టండి. పొద్దుటికి 5కి 4, సాయంత్రానికి 2.