హాలీవుడ్ వ్యాన్ టూర్ మానేయండి, కొరొనాడో వెళ్ళండి

హాలీవుడ్‌లో "క్లాసిక్ కామెడీ లొకేషన్లు" అని పేరు పెట్టి అమ్ముతున్న ఒక వ్యాన్ టూర్‌కి మేం ఇచ్చుకున్న డబ్బు మనిషికి 69 డాలర్లు, దాని మీద బుకింగ్ ఫీజు 7.50, నలుగురికి 306. దిగేటప్పుడు డ్రైవరే తలుపు దగ్గర నిలబడి టిప్పు సంగతి గుర్తు చేస్తే మా ఆయన ఇంకో 40 చేతిలో పెట్టాడు. మొత్తం 346 డాలర్లు, మన డబ్బుల్లో ముప్పై వేలకి అటూ ఇటూ. ఇంత డబ్బుకి మాకు ఏం చూపించారో చెప్పాలనే ఇది రాస్తున్నాను. మేం ఏ పాత సినిమా కోసం ఆ టూర్ ఎక్కామో, అదే సినిమా కోసం దాదాపు ఖర్చే లేకుండా శాన్ డియేగో పక్కనున్న కొరొనాడోలో, ఇంకా ఎక్కడెక్కడ ఏం చూడొచ్చో కూడా చెప్తాను.

సినిమా పేరు 'సమ్ లైక్ ఇట్ హాట్'. 1959లో వచ్చింది. బిల్లీ వైల్డర్ డైరెక్టరు. షికాగోలో గ్యాంగ్‌స్టర్ల హత్యల్ని కళ్ళారా చూసిన ఇద్దరు వాయిద్యగాళ్ళు ప్రాణభయంతో ఆడవేషాలు కట్టి ఆడవాళ్ళ బ్యాండులో చేరి ఫ్లోరిడా పారిపోతారు. టోనీ కర్టిస్, జాక్ లెమన్ ఆ ఇద్దరు. బ్యాండులో పాటలు పాడే షుగర్‌గా మార్లిన్ మన్రో. మా మావయ్యగారికి ఈ సినిమా ప్రాణం. బ్యాంకులో రిటైరయ్యాక ఆయన దీన్ని ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. మన నరేష్, రాజేంద్రప్రసాద్, కమల్ హాసన్ ఆడవేషాలు కట్టినప్పుడు నవ్విన వాళ్ళెవరికైనా ఇది వెంటనే పట్టేస్తుంది. ఆయన తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చారు కాబట్టి, ఫీనిక్స్ నుంచి కారులో లాస్ ఏంజిలిస్, అక్కణ్ణించి శాన్ డియేగో అని లాంగ్ వీకెండ్‌కి ప్లాన్ వేశాం. దారి గురించి చెప్పడానికేం లేదు, ఎడారి, గాలిమరలు, బాగానే జరిగింది.

ఇక వ్యాన్ సంగతి. పదకొండింటికి అన్నది పదకొండు నలభైకి వచ్చింది. పన్నెండు మందికి సరిపడే బండిలో పద్నాలుగు మందిని కూర్చోబెట్టారు, మా వాడు మా ఇద్దరి మధ్య ఇరుక్కున్నాడు. ఏసీ ముందు సీట్లకే. మొదటి గంటంతా ఎవరి ఇల్లు ఎన్ని మిలియన్లు, ఏ హీరోయిన్ ఎవరితో విడిపోయింది, ఇదే గోల. మావయ్యగారు ఓపికగా ఒకసారి "సమ్ లైక్ ఇట్ హాట్ స్టూడియో ఎప్పుడొస్తుందండీ" అని అడిగారు. ఆఖర్న శాంటా మోనికా బులేవార్డ్, ఫార్మోసా అవెన్యూ కలిసే మూల దగ్గర వ్యాన్ కాస్త నెమ్మదించింది. ఆగలేదు, నెమ్మదించింది. ఎడమ పక్కన గోడ. "అదిగో స్టూడియో" అన్నాడు గైడు, సిగ్నల్ పడగానే వెళ్ళిపోయాం. సెకన్లలో అయిపోయింది.

అది కూడా ఓర్చుకున్నాం. ఆ స్టూడియో లోపలికి మామూలు జనాన్ని రానివ్వరు, అప్పట్లో అది శామ్యూల్ గోల్డ్‌విన్ స్టూడియో, ఇప్పటికీ షూటింగులు జరుగుతూనే ఉన్నాయి. అయితే ఆ తర్వాత గైడు, "ఇందులో బీచ్ సీన్లన్నీ మయామీ వెళ్ళి తీశారు" అన్నాడు. మావయ్యగారు తల తిప్పి నా వైపు చూశారు. ఆ బీచ్ కాలిఫోర్నియాలోనే ఉంది, మేం రెండ్రోజుల్లో వెళ్ళబోయేది అక్కడికే! డబ్బు తీసుకుని సినిమా చూపిస్తామన్నవాడికి ఆ సినిమా ఎక్కడ తీశారో తెలియకపోతే ఎలా? ఆ తర్వాత మొదలుపెట్టాడు మన్రో మీద. ఎప్పుడూ లేటుగా వచ్చేదట, ఒక్క డైలాగు గుర్తుండేది కాదట, నలభైకి పైగా టేకులట, వ్యాన్ అంతా పకపకా నవ్వులు.

టేకుల సంగతి అబద్ధం కాదు, వైల్డర్ స్వయంగా చెప్పుకున్నదే. సొరుగులు తెరుస్తూ మందు సీసా వెతికే చిన్న సీన్లో చెప్పాల్సిన మాట రాకపోతే సొరుగులోనే కాగితం మీద రాసి అతికించారు, అయినా కుదరలేదు. కానీ షూటింగు జరుగుతున్న ఆ రోజుల్లో ఆవిడ గర్భవతి. 1958 డిసెంబరులో ఆ బిడ్డ పోయింది. ఆ మాట ఒక్కటి కూడా చెప్పకుండా జనాన్ని నవ్విస్తుంటే నాకు ఒళ్ళు మండింది. పైగా వ్యాన్ దిగేదాకా మన్రో పేరు తప్ప ఇంకొకరి పేరు రాలేదు. వైల్డర్ లేడు, లెమన్ లేడు, రాసినవాళ్ళు లేరు, బట్టలు కుట్టించినవాడు లేడు. మావయ్యగారు ఆ మధ్యాహ్నం అన్నం కూడా సరిగ్గా తినలేదు. మా ఆయన ఫోన్లో ఆ కంపెనీ పాలసీలు చదువుతూ కూర్చున్నాడు.

సాయంత్రం మళ్ళీ అదే మూలకి మేమే వెళ్ళాం, మా కారులో. స్టూడియోకి ఎదురుగా ఫార్మోసా కేఫ్ ఉంది, ఎర్రటి పాత రైలు పెట్టె ఒకటి హోటల్లో భాగంగా కలిసిపోయి ఉంటుంది. స్టూడియోలో పనిచేసే వాళ్ళు ఏళ్ళ తరబడి వచ్చి కూర్చున్న చోటు. గోడల నిండా పాత తారల ఫొటోలు. చైనీస్ వంటకాలు, శనివారం కాబట్టి మావయ్యగారికి వెజిటేరియన్ నూడుల్స్, బీన్స్ చేయించాం, సర్వర్ విసుక్కోకుండా గుడ్డు కూడా లేకుండా చేయించి తెచ్చింది. నలుగురికి టిప్పుతో 112 డాలర్లు. తక్కువేం కాదు, కానీ ఆ రోజు పెట్టిన ఖర్చులో ఇది ఒక్కటే దండగ కానిది.

అక్కడే మావయ్యగారు కాస్త తేరుకుని మా వాడికి కథలు చెప్పడం మొదలుపెట్టారు. ఈ రోడ్డుకి అవతల, ఆ గోడ వెనకే కర్టిస్, లెమన్ మొదటిసారి ఆడవేషాలు కట్టుకున్నాక, ఎవరైనా గుర్తుపడతారేమోనని స్టూడియోలో ఆడవాళ్ళ బాత్రూమ్‌లోకి వెళ్ళారట. ఎవరూ తేడా పట్టలేదట. ఆడవాళ్ళలా నడవడం నేర్పడానికి బార్బెట్ అని ఆడవేషాలకి పేరు మోసిన సర్కస్ కళాకారుణ్ణి పిలిపించారు. కర్టిస్ ఆడగొంతులో కొంత పాల్ ఫ్రీస్ అనే డబ్బింగ్ కళాకారుడిది. బట్టలు ఓరీ-కెల్లీవి. ఆస్ట్రేలియాలో పుట్టినవాడు. ఈ సినిమాకి ఆరు ఆస్కార్ నామినేషన్లు వస్తే గెలిచింది ఒక్కటే, అది ఆయన కాస్ట్యూమ్స్‌కే. కలర్ సినిమాలు మామూలైపోయిన రోజుల్లో దీన్ని బ్లాక్ అండ్ వైట్‌లో ఎందుకు తీశారో అని నాకు ఎప్పట్నించో అనుమానం. కలర్లో టెస్ట్ తీస్తే మగవాళ్ళ మొహాల మీద ఆ దట్టమైన మేకప్ ఆకుపచ్చగా కనిపించిందట. తన సినిమాలు కలర్లోనే ఉండాలని పట్టుబట్టే మన్రోని కూడా ఆ టెస్ట్ చూపించే ఒప్పించారు. కెమెరా చార్లెస్ లాంగ్. ఇవన్నీ చెప్పడానికి ఆయన ఎవరి దగ్గరా 69 డాలర్లు తీసుకోలేదు.

ఆ రాత్రి ఉన్న మోటెల్ 189 డాలర్లు, పార్కింగ్‌కి వేరే 38, బాత్రూమ్‌లో వేడి నీళ్ళు అరగంటకి గానీ రాలేదు. హాలీవుడ్‌లో ఉండకండి. కాస్త దూరమైనా ఇంకెక్కడైనా చూసుకోండి.

ఆదివారం పొద్దున వెస్ట్‌వుడ్. విల్షైర్ బులేవార్డ్ మీద ఎత్తైన ఆఫీసు బిల్డింగుల వెనక, గ్లెండన్ అవెన్యూ వైపు నుంచి లోపలికి వెళ్తే చిన్న శ్మశానవాటిక ఉంటుంది. ప్రవేశం ఉచితం. పక్కనే గ్యారేజీలో కారు పెడితే 6 డాలర్లు అయింది. శ్మశానం అనగానే మా ఆయన మొహం చిట్లించాడు, పండగ సెలవుల్లో పెద్దాయన్ని తీసుకుని అక్కడికేంటి అని. మావయ్యగారే కారు దిగి ముందు నడిచారు.

ఈ సినిమా మనుషుల్లో ముగ్గురు ఆ ఒక్క చోటే ఉన్నారు. మన్రోది గోడలో అర, ఆ రాయి పక్కవాటికంటే రంగు మారి ఉంది, వచ్చిన వాళ్ళు లిప్‌స్టిక్ పెదాలతో ముద్దులు పెట్టి పెట్టి. జాక్ లెమన్ ఫలకం మీద ఆయన పేరు, దాని కింద ఇంగ్లీషులో 'ఇన్' అనే ఒక్క మాట. సినిమా టైటిల్స్‌లో "జాక్ లెమన్ ఇన్..." అని పడుతుంది కదా, అదే. చూడగానే మావయ్యగారు బిగ్గరగా నవ్వేశారు. ఆ దగ్గర్లోనే బిల్లీ వైల్డర్. ఆయన రాయి మీద రాసింది, 'నేను రచయితని, కానీ ఎవరూ పరిపూర్ణులు కారు కదా' అని. సినిమా చూసిన వాళ్ళకి వెంటనే తెలుస్తుంది, అది ఆఖరి డైలాగు. పడవలో లెమన్ విగ్గు పీకేసి "నేను మగాణ్ణి" అంటే, పెళ్ళి చేసుకుంటానని వెంటపడుతున్న కోటీశ్వరుడు జో ఇ. బ్రౌన్ ఏ మాత్రం చలించకుండా చెప్పే మాట. నిజానికి దాన్ని సూచించింది వైల్డర్‌తో కలిసి స్క్రిప్టు రాసిన ఐ.ఎ.ఎల్. డైమండ్. ఇంతకంటే మంచిది తట్టేదాకా ప్రస్తుతానికి ఇది ఉంచుదాం అని పెట్టుకున్నారు, ఇంకేదీ తట్టలేదు. వైల్డర్ పుట్టింది ఇప్పటి పోలండ్‌లో, డైమండ్ పుట్టింది అప్పటి రొమేనియాలో, ఇద్దరికీ ఇంగ్లీషు పుట్టుకతో వచ్చిన భాష కాదు. ఆ ఇద్దరూ కలిసి ఇంగ్లీషు కామెడీలన్నిటికీ తలమానికమైంది రాశారంటే నాకు ఎంత గొప్పగా అనిపించిందో చెప్పలేను. 2000లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వంద నవ్వుల సినిమాల జాబితా వేస్తే మొదటి స్థానం దీనిదే.

మధ్యాహ్నం శాన్ డియేగో. అక్కడ మోటెల్ పన్నులతో 164 డాలర్లు, శుభ్రంగా ఉంది, అంతే.

ఇప్పుడు కొరొనాడో. ఇంకెక్కడికీ వెళ్ళలేకపోయినా ఇక్కడికి మాత్రం వెళ్ళండి. హోటల్ డెల్ కొరొనాడో 1888లో తెరిచారు, చెక్కతో కట్టిన పెద్ద విక్టోరియన్ భవనం, తెల్ల గోడలు, ఎర్రటి కోసు కప్పు. కథ జరిగేది 1929 ఫ్లోరిడాలో. 1958లో ఆ కాలం నాటి హోటల్‌గా చూపించడానికి సరిగ్గా కుదిరింది ఇదే, అందుకని సెప్టెంబరులో యూనిట్ అంతా ఇక్కడికి వచ్చి బయటి సీన్లు తీసింది. లోపలి సీన్లకి స్టూడియోలో సెట్లు. ఇప్పుడు మనం కారులో దాటే పొడవాటి వంతెన 1969లో వచ్చింది, కాబట్టి వాళ్ళు వచ్చినప్పుడు అది లేదు. ఇప్పుడు దానికి టోల్ లేదు. కారు లేనివాళ్ళు డౌన్‌టౌన్ నుంచి 901 నంబరు బస్సెక్కి వచ్చేయొచ్చు. హోటల్లో గది చూస్తే రాత్రికి ఐదారు వందల డాలర్ల పైమాటే, దాని జోలికి వెళ్ళలేదు. వెళ్ళక్కర్లేదు కూడా. లాబీ, పాత ఇనుప ఊచల లిఫ్టు, తోటలు ఎవరైనా తిరిగి చూడొచ్చు, బీచ్ అందరిదీ. ఓషన్ బులేవార్డ్ పక్కన మేం ఎనిమిదింటికల్లా కారు పెట్టేశాం, పైసా ఖర్చు లేదు. తొమ్మిదిన్నరకి చూస్తే ఒక్క ఖాళీ లేదు.

మావయ్యగారు ప్యాంటు మడుచుకుని ఇసకలోకి దిగి, ఒక గవ్వ ఏరి, షెల్ (అంటే గవ్వ) ఆయిల్ కంపెనీ వారసుడినని మన్రోకి కోతలు కోసే కర్టిస్ డైలాగులు అందుకున్నారు. ఆ సీన్లో కర్టిస్ అప్పటి పెద్ద హీరో కేరీ గ్రాంట్ గొంతు అనుకరిస్తాడు, మావయ్యగారు అనుకరణనే అనుకరించారు. సరిగ్గా అప్పుడే పక్కనున్న నౌకాదళం స్థావరం నుంచి విమానం లేచి ఆయన మాట మింగేసింది. అప్పుడూ ఇంతేనట. విమానాల మోత మధ్య టేకులు పాడవుతాయని అందరూ బెంగపడితే, మందు సీసా సీన్లో అన్ని తిప్పలు పడ్డ మన్రో ఇక్కడ పొడుగు సీన్‌ని ఒకటి రెండు టేకుల్లోనే అప్పజెప్పేసిందని వైల్డర్ తర్వాత చెప్పుకొచ్చాడు. వ్యాన్‌లో నవ్విన వాళ్ళకి ఇది కూడా చెప్పి ఉండాల్సింది. పదమూడేళ్ళ మా వాడు, అప్పటిదాకా బోర్ అంటూ ఫోన్ వదలనివాడు, తాతగారి చేత ఇంకోసారి చేయించి వీడియో తీశాడు.

రాత్రి మోటెల్‌లో అందరం కలిసి సినిమా చూశాం. ఒక సీన్ దగ్గర ఆపి మరీ చెప్పారాయన. రాత్రంతా డాన్సు చేసి వచ్చిన లెమన్, తనకి నిశ్చితార్థం అయిందని కర్టిస్‌కి చెప్తూ చేతిలో మరకాలు, అంటే గిలకల్లా గలగలమనే వాయిద్యాలు, ఊపుతూ ఉంటాడు. జనం నవ్వులో తర్వాతి మాట మునిగిపోకుండా, ప్రతి డైలాగు తర్వాత ఖాళీ వదలడానికి వైల్డర్ అతని చేతిలో అవి పెట్టాడు. మేం నలుగురం నవ్వితే ఆ ఖాళీ సరిగ్గా సరిపోయింది.

వ్యాన్ కంపెనీకి మెయిల్ రాస్తే బుకింగ్ ఫీజు 30 డాలర్లు వెనక్కి ఇచ్చారు, మిగతాది ఇవ్వం అన్నారు. మా ఆయన కార్డు బ్యాంకులో ఫిర్యాదు పెట్టాడు, చూడాలి. మీరు వెళ్ళేటట్టయితే లాస్ ఏంజిలిస్‌లో ఫార్మోసా, వెస్ట్‌వుడ్ చూసుకుని కొరొనాడోకి పూర్తిగా ఒక రోజు ఉంచుకోండి. వెళ్ళే ముందు సినిమా మాత్రం తప్పకుండా చూడండి, రెండు గంటలే, పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి.