సరిహద్దు దాటి పెట్రోలు కొట్టించుకోవడం: నాలుగేళ్ల తర్వాత నా లెక్క

మాది హిందూపురం. మందుల ఏజెన్సీలో ఆర్డర్లు తీసుకునే పని నాది. పొద్దున తొమ్మిదికి బండి ఎక్కితే లేపాక్షి, చిలమత్తూరు, ఒకరోజు పెనుకొండ, ఇంకోరోజు మడకశిర, సగటున రోజుకు 80 కిలోమీటర్లు తిరుగుతా. వంద సీసీ బండి, 2016లో కొన్నా, లీటరుకు 60 ఇచ్చేది. బండికి నేను ఏ వంకా పెట్టను. నేను చెప్పబోయేది దాంట్లో పోసేదాని గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, మా ఊళ్లోనే బంకులుండగా సరిహద్దులోని తూమకుంట దాటి కర్ణాటకలో పెట్రోలు కొట్టించుకోవడం గురించి. నాలుగేళ్లుగా చేస్తున్నా కాబట్టి ఇందులో లాభమెంతో, తలనొప్పులేమిటో నాకు బాగానే తెలుసు. మా వీధిలో ప్రతివాడూ నన్నే అడుగుతాడు, "అన్నా, ఆ పక్కకు పోతే గిట్టుబాటేనా?" అని. ప్రతివాడికీ విడిగా చెప్పే ఓపిక లేక రాస్తున్నా. ఇందులో "ఇప్పుడు" అన్న రేట్లన్నీ 2025 నాటివి.

మొదలైంది 2021 దీపావళికి. ఆ రోజు కేంద్రం ఎక్సైజ్ సుంకం 5 రూపాయలు తగ్గించింది. కర్ణాటక దాని మీద ఇంకో 7 తగ్గించింది. మన రాష్ట్రం తన పన్ను జోలికి పోలేదు. తెల్లారేసరికి అక్కడ లీటరు 100 దగ్గర, ఇక్కడ 110 దగ్గర. ఒకే రోడ్డు, ఒకే ట్యాంకర్ కంపెనీలు, మధ్యలో ఒక చెక్‌పోస్టు, లీటరుకు పది రూపాయల తేడా. ఆ వారం మా ఊరోళ్లు గుళ్లో ప్రసాదం పంచుతున్నట్టు ఎగబడ్డారు. నేనూ వాళ్లలో ఒకణ్ణే. ఇంటి నుంచి పన్నెండు కిలోమీటర్లు పోతే తగిలే మొదటి బంకులో నా ముందు ఇరవై బండ్లుంటే, అందులో పదిహేడు ఏపీ నంబర్లే. బంకు పిల్లోడు కన్నడంలో "ఎష్టు అణ్ణా?" అని అడిగి, నా మొహం చూసి, "ఫుల్లా అన్నా?" అని తెలుగులోకి దిగాడు. గౌరీబిదనూరు వైపు తెలుగు రానివాళ్లు తక్కువే.

అసలు పిచ్చెక్కింది మాత్రం 2022 మార్చిలో. నవంబరు నుంచి మార్చి 21 దాకా, యూపీతో సహా అయిదు రాష్ట్రాల ఎన్నికలు అయిపోయేదాకా, రేటు పైసా కదల్లేదు. ముడిచమురు పెరుగుతున్నా కదల్లేదు. మార్చి 22 నుంచి మొదలెట్టారు చూడండి, పొద్దున ఆరింటికల్లా ఎనభై పైసలు, మళ్లీ ఎనభై పైసలు, పదహారు రోజుల్లో పది రూపాయలు. ఒక్కసారే పది పెంచితే జనం రోడ్డెక్కుతారేమో, ఎనభై పైసల కోసం ఎవడు ఎక్కుతాడు? పళ్లు కొరుక్కుని కొట్టించుకున్నాం. ఆ పదహారు రోజులూ నేను నిద్ర లేవగానే ముందు చూసింది రేటే, పాల ప్యాకెట్ ఆ తర్వాతే. ఏప్రిల్ 6 నాటికి హైదరాబాదులో 119 రూపాయల 49 పైసలు, మా దగ్గర అంతకంటే ఇంకో రూపాయిన్నర పైనే. మే 22న ఎక్సైజ్ 8 తగ్గించాక కొంచెం ఊపిరి వచ్చింది కానీ, ఈలోపు లేపాక్షి షేర్ ఆటో పెంచిన చార్జీ మాత్రం అలాగే ఉండిపోయింది. పెట్రోలు పెరిగింది కదా అని పెంచినవాళ్లు, తగ్గింది కదా అని తగ్గించింది నేనెక్కడా చూళ్లేదు.

నా కోపం అసలు ఎక్కడుందో చెబుతా. ఏజెన్సీ నాకు కిలోమీటరుకు రెండున్నర రూపాయలు ఇస్తుంది. 2019లో కుదిరిన రేటు. అప్పుడు లీటరు 80 లోపే. నెలకు సుమారు 2080 కిలోమీటర్లు తిరిగితే 5200 వచ్చేది, పెట్రోలుకు 2700 చిల్లర పోయేది, మిగిలిన దాంట్లో ఆయిలు, టైర్లు, చెయిన్ స్ప్రాకెట్, అప్పుడప్పుడు ఇంట్లోకి బిర్యానీ. ఇప్పుడు 109 దాటి ఉంది, అవే కిలోమీటర్లు, అదే 5200. పాత 60 మైలేజీ లెక్కనే పెట్రోలుకు 3800. అడిగితే సేటు, "అందరికీ పెరిగింది కదప్పా, నాకు పెరగలేదా" అంటాడు. ఆయన కారు పెట్రోలు ఏజెన్సీ ఖాతాలో పోతుంది లెండి. అదలా ఉంచుదాం.

ఇక లాభం సంగతి. కాగితం మీద చాలా బావుంటుంది. ఇప్పుడు తేడా సుమారు ఏడు రూపాయలు అనుకోండి. నా ట్యాంకులో ఒకసారికి తొమ్మిది లీటర్లు పడుతుంది. 63 రూపాయలు మిగులు. కానీ పోనూ రానూ 24 కిలోమీటర్లు, అంటే 60 మైలేజీ లెక్కన 400 మిల్లీలు, 41 రూపాయలు అక్కడే కాలిపోయింది. చేతికి మిగిలేది 22 రూపాయలు. రెండు టీలు, ఒక బన్ను. దీనికోసం గంట టైమ్, ఎండ, లారీల దుమ్ము. తేడా పది రూపాయలున్న రోజుల్లో కూడా 50 రూపాయలు మిగిలితే గొప్ప. అంటే కేవలం పెట్రోలు కోసమే పోతే బైకు వాళ్లకు ఇది శుద్ధ దండగ. ఈ సంగతి నేను కూర్చుని లెక్కేసుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. అంతకాలం నేను పోయింది డబ్బు మిగులుతుందని కంటే ఉక్రోషంతో అని ఇప్పుడు ఒప్పుకుంటా. మన రూపాయి మన సర్కారుకు ఇవ్వకుండా పక్క సర్కారుకు ఇచ్చానన్న తృప్తి అది. ఇద్దరిదీ ఒకటే జేబు కత్తెర అని తర్వాత తెలిసింది.

కారున్నవాళ్లకు కాస్త నయం. 35 లీటర్లు పడితే 245 మిగులు, పోయిరావడానికి లీటరున్నర పోయినా 90 దాకా చేతిలో ఉంటుంది. నిజంగా లాభపడేది లారీలు. డీజిల్‌లో కూడా తేడా ఉంది, ట్యాంకే మూడు వందల లీటర్లు. హైదరాబాదు హైవే మీద బాగేపల్లి దగ్గర, ఆంధ్రాలోకి రాకముందే ఫుల్ చేసుకుని వచ్చేస్తారు, మళ్లీ మన బంకు మొహం చూడరు. అట్లా మన రాష్ట్రానికి ఎక్కువ పన్ను కాదు కదా, ఉన్న పన్ను కూడా పోతోంది. ఈ ముక్క పన్నులు వేసేవాళ్లకు తెలియదని నేననుకోను.

కొలత గురించి చాలామంది అడుగుతారు. "రేటు తక్కువిచ్చి లీటరులో కొడతారంటనే?" అని. నాకూ అదే అనుమానం ఉండేది. జీరో చూసుకో అంటే చూసుకునేవాణ్ణి, 200 బదులు 210 కొట్టించేవాణ్ణి, రౌండు ఫిగరులో మోసం ఉంటుందని ఎవరో చెబితే. ఒకసారి మైలేజీ మరీ తగ్గినట్టు అనిపించి, ఆ కర్ణాటక బంకులోనే అయిదు లీటర్ల కొలత క్యాన్ తెమ్మని గొడవ పెట్టుకున్నా. ప్రతి బంకులో ఆ క్యాన్ ఉండాలి, కస్టమరు అడిగితే కొలిచి చూపించాలి, ఇది చాలామందికి తెలియదు. నా వెనకాల లైను పెరిగిపోతోంది, హారన్లు కొడుతున్నారు, మేనేజరు ఏమీ అనకుండా స్టీలు క్యాన్ తెచ్చి మెడ దగ్గరున్న గీత దాకా కొట్టించాడు. గీత మీదకు సూదిలా వచ్చి ఆగింది. పక్కనోడు, "అన్నా, కార్బురేటర్ చూపించు" అన్నాడు. నిజంగానే కార్బురేటరే. మెకానిక్ 180 తీసుకున్నాడు, ఆ నెల మిగులంతా దానికే పోయింది.

ఇంకో తప్పు చేశా, అది మీరు చేయొద్దు. పక్కింటి పెద్దాయన, ఎదురింటి మామ, మా బావమరిది, అందరూ "వస్తూ వస్తూ మాకూ రెండు లీటర్లు పట్టుకురా" అనేవాళ్లు. బంకులో ప్లాస్టిక్ సీసాలో పోసేది లేదన్నారు. సరే అని ట్యాంకు నింపుకుని వచ్చి, ఇంటి దగ్గర పైపు తీసి రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో పట్టి వంటింటి వెనక గోడవార పెట్టా. ఏప్రిల్ ఎండ. సాయంత్రానికి సీసా ఉబ్బి మూత దగ్గర కారింది. గచ్చు మీద నీళ్లు పోసినట్టు తడి, ఇల్లంతా వాసన, పక్క గదిలో మా అమ్మ పొయ్యి వెలిగించబోతోంది. అగ్గిపుల్ల గీయకముందే వాసన పసిగట్టి బయటికి వచ్చి ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. రెండు లీటర్లకు మిగిలింది పద్నాలుగు రూపాయలు. ఆ రోజు నుంచి ఎవరికీ తేను, బంధుత్వాలు చెడితే చెడనీ.

ఈ తేడా ఎందుకో ఒక్కసారి చూద్దాం, ఎందుకంటే బంకు దగ్గర జరిగే వాదనల్లో సగం ఇది తెలియకే. చమురు ధర, ఎక్సైజ్, డీలరు కమిషను రెండు పక్కలా ఒకటే, రవాణా ఖర్చులో పైసల తేడా. మారేది వ్యాట్, అంటే రాష్ట్రం వేసే అమ్మకం పన్ను. పెట్రోలు ఇంకా జీఎస్టీలోకి రాలేదు కాబట్టి ఏ రాష్ట్రం ఇష్టం దానిది. మనకు 31 శాతం, దాని మీద లీటరుకు 4 రూపాయలు, దాని మీద రోడ్ల సెస్సు అని ఇంకో రూపాయి. ఆ రూపాయి 2020 నుంచి కడుతున్నా, చిలమత్తూరు రోడ్డులో గుంతలు దానికి సాక్ష్యం. తెలంగాణలో 35.2 శాతం. శాతాల్లో ఉండటంతో ఇంకో గమ్మత్తు, చమురు పెరిగితే పన్ను కూడా దానంతట అదే పెరుగుతుంది, ఎవరూ జీవో ఇవ్వక్కర్లేదు. 2024లో ఇక్కడ ప్రభుత్వం మారింది, ఈ 31 ప్లస్ 4 ప్లస్ 1 మారలేదు. కేంద్రాన్ని అడిగితే రాష్ట్రం వైపు, రాష్ట్రాన్ని అడిగితే కేంద్రం వైపు చూపిస్తారు. 2020లో కరోనా అప్పుడు ముడిచమురు నేలకు పడిపోతే, ఆ తగ్గుదల మన దాకా రానీకుండా మే నెలలో ఒక్క రాత్రిలో ఎక్సైజ్ పది రూపాయలు పెంచారు. పెరిగితే ప్రపంచ మార్కెట్ అంటారు, తగ్గితే ఖజానా అంటారు. నాకు దీంట్లో పార్టీ లేదు, రెండు పక్కలా తిడతాను.

కర్ణాటక ముచ్చట కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. 2024 జూన్ మధ్యలో, లోక్‌సభ ఎన్నికలు అయిన కొద్ది రోజులకే, అక్కడ కూడా వ్యాట్ 25.92 నుంచి 29.84 శాతానికి ఎక్కించారు. లీటరుకు మూడు రూపాయలు. తెలియక నేను ఆ మర్నాడే పోయా. బోర్డు మీద 99 చిల్లర ఉంటుందనుకుంటే 102 చిల్లర. బంకు పిల్లోడు నా మొహం చూసి, "మాక్కూడా మీ జబ్బే వచ్చిందన్నా" అన్నాడు. అప్పటి నుంచి లైన్లు పలచబడ్డాయి. ఏపీ నంబర్లు ఇప్పుడు అయిదారు కనిపిస్తే ఎక్కువ.

దీని మీద ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ (చెరుకు, ధాన్యం నుంచి తీసే ఆల్కహాల్) కలుపుతున్నారు. నా బండి పాతది, దానికోసం తయారైంది కాదు. ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి మూడో వంతు దాకా తక్కువ, కాబట్టి మైలేజీ తగ్గడం వింతేమీ కాదు. నాకు 60 నుంచి 56కు వచ్చింది. అందులో ఇథనాల్ వాటా ఎంతో, పదేళ్లకు దగ్గరపడ్డ ఇంజను వాటా ఎంతో విడదీసి చెప్పలేను, నిజాయితీగా. కానీ కల్తీ చేసిన పాలకు రేటు తగ్గించమంటాం కదా, దీనికి అదే రేటు ఎందుకో ఎవరైనా చెబితే వింటా. ఈ విషయంలో సరిహద్దు దాటినా లాభం లేదు, అక్కడా అదే సరుకు.

మార్కులు వేయమంటే, సరిహద్దు పెట్రోలుకు అయిదుకు రెండున్నర. గౌరీబిదనూరులోనో దొడ్డబళ్లాపురంలోనో పని ఉండి పోతే మాత్రం కళ్లు మూసుకుని ఫుల్ చేయించుకోండి, అప్పుడు ఏడు రూపాయలకు ఏడు రూపాయలూ మిగులే. బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు కూడా దేవనహళ్లి దాటాక ఎక్కడో ఒకచోట నింపుకోండి, ఆంధ్రాలోకి వచ్చి వెతుక్కోవద్దు. ప్రత్యేకంగా బైకేసుకుని మాత్రం పోవద్దు. దానికంటే టైర్లలో గాలి వారానికోసారి చూసుకుంటే ఎక్కువ మిగులుతుంది, నాకు లీటరుకు మూడు కిలోమీటర్లు పెరిగింది. మా తమ్ముడు కరెంటు స్కూటర్ కొన్నాడు, ఊళ్లో తిరగడానికి బాగుంది కానీ మడకశిర పోయి రావాలంటే వాడికి బ్యాటరీ టెన్షన్, నాకది కుదరదు.

మొన్న చిలమత్తూరు నుంచి వస్తుంటే బండి రిజర్వులో పడింది. సరిహద్దు దాకా పోయే ఓపిక లేక మా ఊరి బంకులోనే 200 కొట్టించా. లీటరూ 830 మిల్లీలు. ఆ బంకాయన నాకు పదేళ్ల పరిచయం, నేను ఆ పక్కకు పోతానని ఆయనకు తెలుసు, ఎప్పుడూ ఏమీ అనడు. లీటరుకు నాలుగు రూపాయల చిల్లర కమిషను, అమ్మకం సగానికి పడిపోయి నలుగురు పిల్లోళ్లలో ఇద్దర్ని మాన్పించాడు. చిల్లర తీసుకుంటూ మొహమాటంగా, "పని పడి పోతుంటాలే అన్నా ఆ పక్కకి" అన్నా. ఆయన నాజిల్ తగిలిస్తూ అన్నాడు, "నీకేమప్పా, పన్నెండు కిలోమీటర్లు పోతే అయిపాయ. నేను బంకు ఎత్తుకుని పోలేను కదా."