చెక్క కదురా, రాట్నమా?

మహబూబ్‌నగర్ దగ్గరి ఊళ్లో మా పెద్దమ్మ గొంగడి ఉన్నిని చేతి కదురుతోనే, అంటే బిళ్ల బిగించిన పుల్లతోనే వడికేది. వేళ్ల మధ్య పుల్లను ఒక్కసారి తిప్పి వదిలితే పోగు సాగుతూ కదురు కిందికి దిగేది. నేలను తాకేలోపే నూలును పుల్లకు చుట్టేసి మళ్లీ తిప్పేది. గొర్రెల వెంట నడుస్తూ చేసుకోగలిగిన పని అది. రాట్నానికి ఆ వీలు లేదు, ఒకచోట కూర్చోవాల్సిందే.

వేగంలో మాత్రం రాట్నానిదే పైచేయి. చక్రం ఒక్కసారి తిరిగితే దానికున్న కదురు చాలా చుట్లు తిరుగుతుంది కాబట్టి పురి (పోగుకు పడే మెలి) త్వరగా పడుతుంది. చీరకో పంచెకో సరిపడా నూలు కావాలంటే రాట్నమే మేలు.

దక్కనీ ఉన్ని ముతకగా ఉంటుంది, వేలాడే కదురు బరువును తట్టుకుంటుంది. పత్తి నార పొట్టిది, పురి ఎక్కువ కావాలి. కదురు బరువుగా వేలాడితే పోగు తెగిపోతుంది. అందుకే పత్తికి 20 గ్రాముల లోపు తేలికైన తకిలి (చిన్న కదురు) తీసుకుని, దాని మొనను గిన్నెలోనో కొబ్బరి చిప్పలోనో ఆనించి తిప్పాలి.

కొనేముందు కదురును తిప్పి చూడండి. బిళ్లకు సరిగ్గా నడుమ పుల్ల లేకపోతే అది ఊగుతుంది, పోగు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వస్తుంది. పుల్ల మీద చిన్న పేడు లేచినా నారలు చిక్కుకుంటాయి.

కొత్తగా నేర్చుకునేవారికి నేను కదురునే ఇస్తాను. పురి ఎక్కడ చాలిందో, ఎక్కడ తగ్గిందో వేలికి వెంటనే తెలుస్తుంది. చెయ్యి కుదిరాక రాట్నం కొనుక్కోవచ్చు.